వాహనములో విడిచిన ఆయుధము – ఒక ధర్మవిచారము

ఆయుధమును ఎప్పుడు ఉపయోగింపవచ్చునను ప్రశ్నను గూర్చి మన పెద్దలును, న్యాయవేత్తలును, కవులును ఎంతో చెప్పియున్నారు. ఉపయోగింపని వేళ అది ఎచ్చట నుండవలెనను ప్రశ్న మాత్రము అంతగా ఎవరి దృష్టిని ఆకర్షింపలేదు. కాని లైసెన్సు పొందిన తుపాకి తన జీవితకాలములో పేలునది కొన్ని క్షణములే. అనేకములు ఒక్కమారైనను పేలకయే తుప్పుపట్టును. మిగిలిన కాలమంతయు అది ఎక్కడనో ఒకచోట పడియుండును. ఆ చోటు ఇల్లైనచో గోడలున్నవి, బీరువా యున్నది, ఇంటిలో మనుష్యులున్నారు. ఆ చోటు కారైనచో నాలుగు అద్దములును ఒక తాళపుచెవియును మాత్రమే యున్నవి. ఈ రెండవ సంగతిని గూర్చి మేము ఈ సంచికలో కొన్ని మాటలు వ్రాయదలచితిమి.

మేము బళ్ళారి సీమలో తరతరములుగా నిలిచియున్న తెలుగు కుటుంబములలో ఒకదానికి చెందినవారము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఒక జిల్లా కచేరీలో గుమాస్తాపని సంపాదించి, అందు కొన్ని సంవత్సరములు ఆయుధముల లైసెన్సు కాగితములు చూచు బల్లయొద్ద గడపితిమి. తుపాకి పట్టుట మాకు చేతకాదు. తుపాకి గలవారి కాగితములు పట్టుట మాత్రము తెలియును. కావున ఈ వ్యాసములో శౌర్యప్రసంగమేమియు నుండదని పాఠకులు ముందుగనే గ్రహింపవలెను.

మనబోటి కుటుంబములకు ఈ విచారమెందులకని కొందరు అడుగవచ్చును. పొలములు గలవారి ఇండ్లలో అడవిపందులనుండి పంటను కాచుకొనుటకని తీసికొన్న తుపాకులు కలవు. తాతలనాటి డబుల్ బేరల్ తుపాకులు కొన్ని ఇండ్లలో బీరువాలందు గౌరవముగా నిలిచియున్నవి. ధనముతో ప్రయాణము చేయు వ్యాపారస్థులలో కొందరు రివాల్వరు లైసెన్సు పొందియున్నారు. ఇది ఇక్కడి మాట. ఇక మన పిల్లలలో అనేకులు అమెరికాలో టెక్సాస్, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములందు కాపురములు పెట్టియున్నారు. ఇక్కడ ఒక లైసెన్సుకై కాగితము ఎన్ని బల్లలు దిగవలెనో మాకు తెలియును. ఆ దేశములో తుపాకి కొనుట అంత కష్టము కాదు. కొన్నవాడు కారులో తిరుగును, కారులోనే దానిని ఉంచును. అతని తల్లిదండ్రులు మన వీథులలోనే యున్నారు. కావున ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు.

మన ఉభయ భాషలవారును మహర్నవమినాడు ఆయుధపూజ చేయుదురు. ఆనాడు కారునకు అరటిపిలకలు కట్టి, పూలదండలు వేసి, బూడిదగుమ్మడికాయ పగులగొట్టుదురు. తుపాకి గలవారు దానిని కూడ పీటపై నుంచి పసుపు కుంకుమలు పెట్టుదురు. కొడగు సీమవారికైతే కైల్‌పోళ్దు అను పండుగ ఆయుధపూజకే ప్రత్యేకముగా కలదు. ఆయుధమును పూజించు ఆచారమును పరిహసించువారితో మేము ఏకీభవింపము. చేతిలోని వస్తువు సామాన్యమైనది కాదని సంవత్సరమునకొకమారైనను తలచుకొనుట మంచిదే. కారును తుపాకిని ప్రక్కప్రక్కన నుంచి దండము పెట్టుటవలన చిక్కేమియు లేదు. మరునాడు ఒకదానిలో నొకటి పెట్టి, తలుపు మూసి, పెండ్లిభోజనమునకు పోవుటవలననే చిక్కు వచ్చినది.

అట్లు విడిచిపోవుట దుర్బుద్ధితో జరుగదు. నియమములను పాటింపబోవుటవలననే అనేకమారులు జరుగును. దేవాలయములోనికి తుపాకి తీసికొనిపోరాదు. న్యాయస్థానములోనికి పోనీయరు. కార్యాలయములందును, పాఠశాలలందును నిషేధమే. నియమము తెలిసినవాడు ఏమి చేయును? కారులో పెట్టి లోనికి పోవును. ఆ విధముగా, కట్టడములోనివారిని కాపాడుటకు పుట్టిన నిషేధము ఆయుధమును వీథిలోనికి నెట్టుచున్నది. టెక్సాస్ రాష్ట్రములో 2011లో ఒక చట్టము చేసిరి. దాని ప్రకారము, ఉద్యోగి చట్టబద్ధమైన తన తుపాకిని తాళము వేసిన సొంత కారులో కార్యాలయపు ఆవరణలో ఉంచుకొనగా, యజమాని సామాన్యముగా దానిని నిషేధింపరాదు. ఉద్యోగి హక్కు దృష్టితో చూచినచో అందు న్యాయము లేకపోలేదు. ఐనను ఉదయమునుండి సాయంకాలమువరకు ఆ ఆవరణలో వరుసగా నిలిచియున్న కారులలో ఎన్నింటియందు ఆయుధములున్నవో దొంగకు ఒక ఊహ కలుగదా? ఆ దేశములో దొంగిలింపబడు తుపాకులలో పెద్దభాగము కారులనుండియే పోవుచున్నదని వారి పోలీసు లెక్కలు చెప్పుచున్నవి.

2015వ సంవత్సరము జూన్ నెల చివర శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో, కేంద్రప్రభుత్వ భూముల శాఖకు చెందిన ఒక అధికారి తన కారును వీథిలో నిలిపి పోయెను. అందు ఒక సంచిలో తూటాలు నింపిన పిస్తోలు ఉండెను. ఎవరో అద్దము పగులగొట్టి ఆ పిస్తోలును అపహరించిరి. అతడెవరో తేలలేదు. నాలుగు దినముల తరువాత, జులై 1వ తేదీన, ఆ నగరపు సముద్రతీరమున ఒక వారధిపై తండ్రితో కలిసి నడచుచున్న ఒక యువతికి ఆ పిస్తోలునుండి వెడలిన గుండు తగిలెను. గుండు ముందు గచ్చుపై తగిలి, ఎగసి, ఆమెను చేరెను. ఆమె మరణించినది. పిస్తోలు ఎవరి చేతిలో పేలినదో ఆ మనుష్యుడు, అది తనకు అక్కడ దొరకినదనియు, అనుకొనక పేలినదనియు చెప్పెను. 2017లో జ్యూరీవారు అతనిని హత్యానేరమునుండి విడుదల చేసిరి. ఆ తీర్పు ఆ దేశములో రాజకీయముగా పెద్ద అలజడి రేపినది. దానితో మనకు పని లేదు.

మనకు పనియున్నది తరువాతి వ్యాజ్యముతో. ఆ యువతి తల్లిదండ్రులు, పిస్తోలును అజాగ్రత్తగా విడిచిన అధికారి ప్రభుత్వోద్యోగి కనుక ప్రభుత్వము బాధ్యత వహింపవలెనని దావా వేసిరి. 2020లో క్రింది న్యాయస్థానమును, 2021లో అప్పీలు న్యాయస్థానమును ఆ వాదమును అంగీకరింపలేదు. కారులో పిస్తోలు విడుచుటకును, వారధిపై మరణమునకును నడుమ అనేక సంఘటనలు వచ్చినవి, కనుక మొదటిది రెండవదానికి చట్టము గుర్తింపదగిన కారణము కాదనిరి. చట్టదృష్టితో ఆ తీర్పు సరియైనదే కావచ్చును. చట్టము ఎక్కడనో ఒకచోట గీత గీయవలెను. లేనిచో ప్రపంచములోని ప్రతి దుఃఖమునకును ప్రతివాడును ప్రతివాది యగును. కాని న్యాయస్థానము విడిచిపెట్టిన వానిని అంతరాత్మ కూడ విడిచిపెట్టవలెనా?

"దొంగ చేసిన పాపము దొంగదే గదా, పోగొట్టుకొన్నవానిదెట్లగును?" అని లోకము అనును. మన ధర్మశాస్త్రములు కూడ మొదటి చూపునకు ఆ మాటనే చెప్పునట్లు కనబడును. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు – ఈ నలుగురును కర్మఫలమును పంచుకొందురని మన పెద్దలు లెక్కించిరి. కారులో పిస్తోలు మరచిపోయినవాడు ఈ నలుగురిలో ఎవడును కాడు. యాజ్ఞవల్క్యస్మృతి నిక్షేపమును గూర్చి, అనగా ఒకడు మరియొకనియొద్ద నమ్మి దాచిన సొమ్మును గూర్చి చెప్పుచు, రాజువలననో, దైవవశమువలననో, దొంగలవలననో అది పోయినచో దాచుకొన్నవాడు ఇచ్చుకొననక్కరలేదని విధించినది. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మన కర్ణాటకములోని కల్యాణ నగరమువాడే. దానిని 13వ శతాబ్దమున కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మేము పండితులము కాము. ఐనను ఈ నియమమును తుపాకికి అన్వయించి తప్పించుకొనజూచుట తగదని మాకు తోచుచున్నది. ఏలయన, నిక్షేపము పోయినచో నష్టపడువాడు దానిని దాచుకొమ్మని ఇచ్చినవాడు. అతడు తెలిసి నమ్మెను. నమ్ముటలోని అపాయమును అంగీకరించెను. తుపాకి పోయినచో నష్టపడువాడు ఎవడు? వారధిపై తండ్రితో నడచు పిల్ల. ఆమె ఎవరియొద్దను ఏమియు దాచలేదు, ఎవరిని నమ్మలేదు, ఆ కారును చూడనైన లేదు.

పైగా శాస్త్రములు అంతటితో ఆగలేదు. కాత్యాయనుడు నిక్షేపము నశించుటలో భేదములు చెప్పెను. దానిని తాను వాడుకొని తినివేసినవాడు వడ్డీతో ఇచ్చుకొనవలెను. ఉపేక్షవలన పోగొట్టినవాడు సరిసమానముగా ఇచ్చుకొనవలెను. తెలియమివలన పోగొట్టినవాడు కొంచెము తక్కువగా ఇచ్చుకొనవలెను. ఈ ఉపేక్ష యను మాటయందే మా విచారమంతయు నున్నది. ఉపేక్ష దుర్మార్గము కాదు. తెలియమి కూడ కాదు. ఆ వస్తువేమో తెలిసి, దాని శక్తి తెలిసి, "ఈ అరగంటలో ఏమగును?" అని తలుపు మూయుట ఉపేక్ష. పై నలుగురి ప్రక్కన ఐదవవానిని నిలుపుటకు మాకు అధికారము లేదు గాని, అతనిని ఆ వరుసనుండి పూర్తిగా వెలుపలికి పంపుటకు మా మనస్సు ఒప్పుకొనదు.

మా బల్లయొద్దకు లైసెన్సు నవీకరణమునకై వచ్చిన ఒక భూస్వామి, మాటలలో మాటగా, ఇరువది ఏండ్లుగా తాను ఏ ఊరికి పోయినను తన డబుల్ బేరల్ తుపాకి జీపు వెనుక సీటు క్రింద కంబళి కప్పుకొని పడియుండుననియు, అందు తూటాలు కూడ ఉండుననియు చెప్పెను. ఒకమారు పెండ్లినుండి వెలుపలికి వచ్చి చూచునప్పటికి, డ్రైవరు కుమారుడు, ఎనిమిదేండ్ల పిల్లవాడు, కంబళి మెత్తగా నున్నదని దాని అంచుపై తలపెట్టుకొని నిద్రపోవుచుండెనట. మా ముఖము చూచి ఆయన నవ్వి, "ఏమైనదండీ? ఏమియు కాలేదు గదా!" అనిరి.

ఏమియు కాలేదు. నిజమే. ఈ "ఏమియు కాలేదు" అను మాటను మేము చాలకాలము ఆలోచించితిమి. ఆ భూస్వామి ఇరువది ఏండ్లు విడిచెను; ఏమియు కాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో అధికారి విడిచిన పిస్తోలు నాలుగు దినములలో ఒక ప్రాణము తీసినది. ఇద్దరి నడతలోను భేదమున్నచో భూస్వామి నడతయే ఎక్కువ అజాగ్రత్తగా కనబడును. కాని లోకము ఒకనిని నిందించును, మరియొకనితో కలిసి నవ్వును. ఫలమునుబట్టి తప్పును కొలుచు అలవాటు మనకు పోలేదు. ఫలము దైవాధీనమని మనమే అందుము. ఆ దైవాధీనమైన ఫలము మంచిదైనప్పుడు దానిని మన ఖాతాలో వ్రాసికొందుము. ఇద్దరి తప్పును సమానమని మా అభిప్రాయము. ఇద్దరి దుఃఖము సమానము కాదు, అంతే. నిద్రలేచి ఇంటికి నడచిపోయిన ఆ పిల్లవాడు భూస్వామికి దైవము పెట్టిన అప్పు వంటివాడు.

మన దేశపు చట్టము ఈ విషయమున ఒక మంచి మాట చెప్పుచున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 2016లో క్రొత్త నియమములు చేసిరి. వాని ప్రకారము బహిరంగస్థలమున ఆయుధమును తీసికొనిపోవువాడు దానిని పూర్తిగా కప్పియుంచవలెను, అది తన వశములో నుండవలెను. వశము – ఇది గుమాస్తాల మాట కాదు, నీతిశాస్త్రపు మాట. కారు మా పేరుననున్నది, తుపాకి మా పేరుననున్నది, లైసెన్సు మా పేరుననున్నది. మేము మాత్రము భోజనశాలలో మూడవ పంక్తిలో కూర్చున్నాము. అప్పుడు తుపాకి ఎవరి వశములో నున్నది? కాగితముపై మాది, నిజమునకు ఆ అద్దమును పగులగొట్టగల ఎవనికైనను అది చేరువే. స్వామ్యము దూరమునుండియు నిలుచును, వశము నిలువదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. "ఆపద వచ్చునని గదా తుపాకి పెట్టుకొన్నది, పెట్టెలో పెట్టి తాళము వేసినచో ఆపదవేళ ఎట్లు అక్కరకు వచ్చును?" అందురు. ఆక్షేపణ బలమైనదే. మనిషి కారులో నున్నంతవరకు దానికి విలువ యున్నది. కాని మేము మాట్లాడుచున్నది మనిషి దిగిపోయిన కారును గూర్చి. ఖాళీ కారులోని తుపాకి ఎవరిని రక్షించును? ఆపద యజమానియొద్దకు వచ్చినచో అది దూరమున నున్నది. ఆపద కారునొద్దకు వచ్చినచో అది ఆపద చేతిలోనికే పోవును.

విరాటపర్వములో పాండవులకు సరిగా ఈ చిక్కే వచ్చినది. నగరములోనికి పోవలెను, ఆయుధములతో పోరాదు, పోయినచో గుర్తుపట్టుదురు. ఆ కథను జమ్మిచెట్టు పూజకొరకు మాత్రమే మనము తలచుకొందుము. వారు చేసిన పనిని ఒక గుమాస్తా దృష్టితో చూడుడు. ముందుగా వింటినారులను సడలించిరి. అనగా ఆయుధమును అప్పటికప్పుడు పనికిరానిదిగా చేసిరి. నడచు త్రోవకు దూరముగా, శ్మశానమునొద్ద, ఎక్కుటకు కష్టమైన చెట్టును ఎన్నుకొనిరి. వాన తడపని చోట గట్టిగా కట్టిరి. చూచినవారు దగ్గరకు రాకుండ శవమును కూడ కట్టి, అది తమ తల్లి శరీరమని గోపాలకులతో చెప్పిరి. చూపునకు మరుగు, చేతికి దూరము, దొరకినను వెంటనే పనికిరామి – ఈ మూడును ఆ ఒక్క ఘట్టములో కలవు. అజ్ఞాతవాసము ముగిసిన దినములలో ఉత్తరుడు చెట్టెక్కినప్పుడు అవి పెట్టినవి పెట్టినట్లే యుండెను. శత్రువునుండి దాచుకొనుటకే అట్లు చేసిరని కొందరనవచ్చును. అది నిజమే, ఐనను ఒకసారి సరిగా దాచిన ఆయుధము శత్రువునకును అందదు, పసివానికిని అందదు.

జమ్మిచెట్టు లేని ఊరిలో, కారు తప్ప వేరు చోటు లేనివాడు ఏమి చేయవలెను? మొదటి మాట, తీసికొనిపోకుండుటయే. పెండ్లికి, గుడికి, బ్యాంకునకు పోవు దినమున తుపాకి ఇంటిలో బీరువాలో నుండుటకు ఏమి కష్టము? ఇక్కడ ఎన్నికలవేళ లైసెన్సుదారులను తుపాకులను పోలీసు ఠాణాలో అప్పగింపుమందురు. అనుమతి గల వర్తకునియొద్దనైనను ఉంచి రసీదు పొందవచ్చును. ఇందుకు అనేకులు సణుగుకొనుట మేము బల్లయొద్ద వినియున్నాము. దూరప్రయాణముపై పోవునప్పుడు ఆ ఏర్పాటును తామే వెదకికొనవచ్చునన్న ఊహ మాత్రము వారిలో ఎక్కువమందికి రాదు.

తప్పనిసరియైనచో, కారు తాళము కారునకే తాళమని మొదట గ్రహింపవలెను. అద్దము పగులుటకు క్షణము చాలును. ముందున్న చిన్న అర కాగితములకు చేసినది. దాని గడియ ఒక స్క్రూడ్రైవరుకు నిలువదు. సీటు క్రింది చోటు దొంగ చేయి మొదట పోవు చోటు. డిక్కీ కొంత మేలు. కాని వెనుక సీటు మడిచినచో లోపలినుండియే డిక్కీ చేతికందు కారులు అనేకము కలవు. అందుచేత ఉక్కుతో చేసిన తాళపు పెట్టె కావలెను. ఆ పెట్టె కారు చట్రమునకు బోల్టులతోనో, సీటు పాదమునకు ఉక్కుత్రాటితోనో బిగింపబడి యుండవలెను. బిగింపని పెట్టె దొంగకు మోసికొనిపోవుటకు వీలైన పొట్లమగును. ఉక్కుత్రాడును కూడ కోయవచ్చును. ఏ పెట్టెయు దొంగను ఆపదు, ఆలస్యము చేయును. ఆ ఆలస్యమే మనము కొనునది. కాలిఫోర్నియాలో 2017 జనవరినుండి, కొలరాడోలో 2025 జనవరినుండి, మనిషి లేని కారులో చేతితుపాకి విడుచువాడు దానిని కంటికి కనబడకుండ తాళములో భద్రపరుపవలెనని చట్టము నిర్బంధించుచున్నది. కాలిఫోర్నియాలో ఆ నిర్బంధము పోలీసువారికి కూడ కలదు. పైని చెప్పిన సంఘటనలో పిస్తోలు పోగొట్టినవాడు ప్రభుత్వోద్యోగియే యని మరువరాదు.

తూటాలను ఇంటియొద్దనే తీసి వేరుగా ఉంచవలెను. కారులు నిలుపు చోట నిలిచి తుపాకి ఖాళీ చేయుట మరియొక ప్రమాదము. పెట్టెలో పెట్టు పని కూడ గమ్యము చేరకముందే ముగియవలెను. దిగి, డిక్కీ తెరచి, నలుగురు చూచుచుండగా పెట్టెలో పెట్టువాడు దొంగకు దారి చూపినవాడగును. డబుల్ బేరల్ తుపాకి మూడు భాగములుగా విడివడును. ఒక భాగమును సంచిలో తమతో తీసికొనిపోవు ముసలివారిని మేమెరుగుదుము. అది పాత పద్ధతియే గాని మంచి పద్ధతి. మన బళ్ళారి వేసవిలో మూసిన కారు పొయ్యివంటిది. తూటాలను అందు విడుచుట ఏ విధముగను మంచిది కాదు. రాత్రి మాత్రము కారులో విడువనే రాదు. తన వాహనముపై తుపాకి బొమ్మలు అంటించుకొనువారిని గూర్చి ఏమి చెప్పుదుము? ఇంటిలో బంగారమున్నదని గుమ్మమునకు పలక వ్రేలాడదీయువారిని మేమింతవరకు చూడలేదు.

మన దేశములో అమెరికాలో లేని మరియొక సంగతి కలదు. ఇక్కడ అనేక కారులకు వేరు డ్రైవరున్నాడు. తాళపుచెవి అతని జేబులో నుండును. హోటలువద్ద కారు నిలుపు కుర్రవాని చేతికి పోవును; మరమ్మతు షెడ్డులో మేకుకు వ్రేలాడుచుండును. కారు తాళమును నమ్మి తుపాకి విడిచినవాడు నిజమునకు వీరందరిని నమ్మినవాడు; వారికి చెప్పకయే నమ్మినవాడు. ఇందు దొంగతనముకంటె మాకు ఎక్కువ బాధ కలిగించునది వేరొకటున్నది. పోయినచో మొదట పోలీసువారు ప్రశ్నించునది ఆ డ్రైవరునే. నెలజీతమునకు కారు నడుపు మనిషిపై, తనకు తెలియని ఒక ఆయుధపు కాపలాను, అది పోయినచో ఆ అనుమానమును, యజమాని మోపుచున్నాడు. ఆ భూస్వామి జీపులో తన కుమారుని నిద్రపుచ్చిన డ్రైవరునకు కంబళి క్రింద ఏమున్నదో తెలియునో తెలియదో మేము అడుగలేదు, ఆయనయు చెప్పలేదు. పెట్టెకు వేరు తాళముండి, దాని చెవి యజమాని జేబులోనే యున్నచో, ఆ మనిషి నిరపరాధియని చెప్పుటకు అతనికొక సాక్ష్యముండును.

తుపాకి పోయినదని తెలిసిన క్షణముననే ఠాణాకు తెలుపుట లైసెన్సుదారుని విధి. లైసెన్సు రద్దగునను భయముతో ఒకటి రెండు దినములు తామే వెదకువారు కలరు. ఆ దినములలో అది ఎన్ని చేతులు మారునో వారు లెక్కింపరు. తెలుపుటకు వచ్చినప్పుడు కూడ తుపాకిపై చెక్కిన అంకె చెప్పలేక దిక్కులు చూచువారిని మేము చూచితిమి. లైసెన్సు పుస్తకమును గూడ తుపాకితోపాటే ఆ కారులో ఉంచియుండిరి. ఆ అంకెను ఒక కాగితముపై వ్రాసి ఇంటిలో, పట్టాలును దస్తావేజులును దాచు చోటనే దాచుట మేలు. అమెరికాలోని పిల్లలకు ఈసారి మాట్లాడునప్పుడు, వారియొద్ద తుపాకి యున్నదా లేదా యని ముందు అడిగి, ఉన్నచో రాత్రివేళ అది ఎక్కడ పడుకొనునో కూడ అడుగుడు.